పిల్లల సందడి లేని ఓడలో ఒక్కరే వెళ్లాలంటే: ఏ క్రూయిజ్ ఎవరికి సరిపోతుంది?

క్రూయిజ్ కంపెనీ "పెద్దలకు మాత్రమే" అని బోర్డు పెట్టిందంటే పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లను ఎక్కించుకోదని అర్థం. అంతకుమించి ఆ మాట ఏ హామీ ఇవ్వదు. రాత్రి రెండింటి దాకా డీజే మోగే ఓడా పెద్దల ఓడే, తొమ్మిదిన్నరకల్లా కారిడార్లు ఖాళీ అయిపోయే ఓడా పెద్దల ఓడే. ఒక్కరే వెళ్లి, నింపాదిగా సముద్రం చూస్తూ, పుస్తకం చదువుకుంటూ, మంచి భోజనం చేసి రావాలనుకునేవారికి ఈ రెండింటి మధ్య తేడా చాలా పెద్దది.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. పిల్లలున్నారా లేరా అన్నది సోలోగా వెళ్లేవాళ్లు మూడో ప్రశ్నగా పెట్టుకోవాలి. గదిలో ఖాళీగా ఉండే రెండో మంచానికి ఎంత కట్టించుకుంటారన్నది మొదటి ప్రశ్న. సాయంత్రం భోజనానికి వెళ్తే ఎవరి పక్కన కూర్చోబెడతారన్నది రెండోది. ఈ రెండిటికీ మంచి జవాబున్న ఓడలో నలుగురు పిల్లలు కనిపించినా కొంప మునిగేదేం లేదు. జవాబు బాగాలేని ఓడలో ఒక్క పిల్లాడూ లేకపోయినా, వారం గడిచేసరికి డబ్బు పోయిందన్న బాధో, పలకరించే మనిషి లేడన్న దిగులో మిగులుతుంది.

రెండో మంచం ఖర్చు

బ్రోషర్‌లో కనిపించే రేటు దాదాపు ఎప్పుడూ "గదిలో ఇద్దరుంటే ఒక్కొక్కరికి ఇంత" అన్న లెక్కే. ఒక్కరే గది తీసుకుంటే రెండో మనిషి టికెట్‌లో కొంతో, మొత్తమో మన నెత్తిన పడుతుంది. దీన్ని సింగిల్ సప్లిమెంట్ అంటారు. ఇది ఉత్త పేరాశ అని కొట్టిపారేయలేం. ఓడకు టికెట్ల మీద వచ్చేది ఆదాయంలో ఒక భాగమే. బార్, కాసినో, స్పా, రేవుల్లో ఊరు చూపించే టూర్లు, అన్నీ కలిస్తేనే వాళ్లకు గిట్టుబాటు. గదిలో ఒక్కరే ఉంటే ఆ పై సంపాదన సగమైపోతుంది. అందుకే రెండో టికెట్ పూర్తిగా కట్టినా వాళ్ల దృష్టిలో మనం గొప్ప బేరం ఏమీ కాదు.

ఉదాహరణకు ఒక్కొక్కరికి లక్ష రూపాయల టికెట్, పదిహేను వేల పోర్టు పన్నులు అనుకుందాం. వంద శాతం సప్లిమెంట్ వేస్తే 2,15,000 అవుతుంది. 50 శాతమైతే 1,65,000. పోర్టు పన్నులూ టిప్పులూ తలకింత అని వేసేవి. గదిలో లేని మనిషి పేరిట అవి పడకూడదు. పడితే ఏజెంట్‌ని నిలదీయండి. అదే ఓడలో ఒక్కరి కోసమే కట్టిన చిన్న గది, అంటే సింగిల్ క్యాబిన్, 1,40,000కి ఉంటే పన్నులతో కలిపి 1,55,000కే పని అయిపోతుంది.

కానీ ఇక్కడ ఒక తిరకాసు ఉంది. సింగిల్ క్యాబిన్ అనగానే చవక అనుకోకూడదు. ఆ గదులకు గిరాకీ ఎక్కువ, ఉండేవి కొన్నే. సీజన్‌లో వాటి రేటు ఎంత పెరుగుతుందంటే, కిటికీ లేని మామూలు ఇద్దరి గదిని రెండు టికెట్లు కట్టి ఒక్కరే తీసుకున్నా తక్కువకే వస్తుంది. గదీ దాదాపు రెట్టింపు ఉంటుంది. కాబట్టి శాతాలు పక్కన పెట్టి, చివరికి కట్టాల్సిన మొత్తం మాత్రమే పోల్చండి.

ఒక సంగతి మాత్రం సోలోలకు కలిసొస్తుంది. సప్లిమెంట్ తగ్గించే రోజులూ పిల్లలు ఉండని రోజులూ ఇంచుమించు ఒకటే. స్కూళ్లు నడుస్తున్న కాలంలో గదులు మిగిలిపోతాయి, అప్పుడే కంపెనీలు దిగివస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో కరీబియన్ నుంచి యూరప్‌కి, అక్టోబర్, నవంబర్‌లలో యూరప్ నుంచి తిరిగి కరీబియన్‌కి ఓడలు మారుతుంటాయి. రీపొజిషనింగ్ అనే ఈ ప్రయాణాల్లో వరసగా అయిదారు రోజులు నేల కనిపించదు. పిల్లలున్నవాళ్లు దాదాపుగా రారు. రేటు తక్కువ. ప్రశాంతత కోసమే వెళ్లేవారికి, పెద్దలకు మాత్రమే అన్న బోర్డు లేకపోయినా, వీటికి మించిన బేరం నాకు కనిపించలేదు. రెండు వారాలు సెలవు దొరకడమే కష్టం.

వర్జిన్: పెద్దలున్నారు, నిద్ర లేదు

2021లో స్కార్లెట్ లేడీతో మొదలైన వర్జిన్ వాయేజెస్‌కి ఇప్పుడు వాలియంట్ లేడీ, రెసిలియంట్ లేడీ, బ్రిలియంట్ లేడీ కూడా కలిపి నాలుగు ఓడలున్నాయి. ఒక్కోదాంట్లో 2,700 మందికి పైగా పడతారు. అందరూ పద్దెనిమిది దాటినవాళ్లే. సోలోల కోసం కిటికీ లేనివీ, సముద్రం కనిపించేవీ సింగిల్ క్యాబిన్లు ఉన్నాయి. మొత్తం గదుల్లో అవి పిడికెడే. ముందుగా అమ్ముడుపోయేవీ అవే.

భోజనం విషయంలో సోలోలకు ఈ ఓడ సుఖం. పెద్ద బఫే హాలు లేదు, కేటాయించిన బల్ల లేదు, ఫలానా సమయానికి రావాలన్న నియమం లేదు. ఇరవైకి పైగా తినేచోట్లు ఉన్నాయి, వాటి ఖర్చు టికెట్‌లోనే కలిసి ఉంటుంది. గన్బే అనే కొరియన్ రెస్టారెంట్‌లో ఒకరికొకరు తెలియని వాళ్లని ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి, మధ్యలో పొయ్యి మీద వండుకుంటూ ఆటలాడిస్తారు. మొహమాటస్తులకు మొదటి పది నిమిషాలు ఇబ్బందే. తర్వాత ఆ పరిచయాలే మిగిలిన రోజులకు పనికొస్తాయి. రేజిల్ డాజిల్ అనే చోట కూరగాయల వంటలు కూడా దొరుకుతాయి కాబట్టి శాకాహారులు పస్తుండాల్సిన పని లేదు. కాకపోతే మన ఉప్పూ కారాలకు అలవాటుపడ్డ నోటికి అవన్నీ చప్పగానే అనిపిస్తాయి.

సాయంత్రాల సంగతి వేరు. ఒక రాత్రి అందరూ ఎర్రబట్టలు వేసుకొచ్చే స్కార్లెట్ నైట్ ఉంటుంది. ఓడలోనే పచ్చబొట్టు పొడిచే దుకాణం ఉంది. సంగీతం, డాన్సు, అల్లరి, అన్నీ పెద్దవాళ్లవే అయినా అల్లరి అల్లరే. పార్టీ అంటే సరదా ఉన్న ముప్ఫై, నలభైల వయసువాళ్లు ఒక్కరే వెళ్లాలంటే నేను ముందుగా చెప్పే పేరు ఇదే. ప్రశాంతత కావాలన్నవారికి చెప్పను. ఒక్క ఊరట ఏమిటంటే, రాత్రంతా మేలుకున్న జనం పొద్దున్నే లేవరు. తెల్లవారుజామున లేచే అలవాటుంటే డెక్ మొత్తం మీదే.

టిప్పులు, ఇంటర్నెట్ టికెట్‌లోనే వస్తాయని ఈ కంపెనీ గురించి పాత రివ్యూల్లో ఉంటుంది. టికెట్ రకాలు మారాయి. మీరు కొంటున్న టికెట్‌లో ఏముందో అదే చదువుకోండి, పాత మాటలు నమ్మొద్దు.

వైకింగ్: నిశ్శబ్దానికి ధర ఉంది

అటు చివర వర్జిన్ ఉంటే ఇటు చివర వైకింగ్. సముద్రంలో తిరిగే వాళ్ల ఓడల్లో 930 మంది, కొత్తవాటిలో 998 మంది పడతారు. కాసినో లేదు. వెంటపడి ఫొటోలు తీసి అమ్మేవాళ్లు లేరు. అడుగడుగునా ఏదో ఒకటి కొనమనే ప్రకటనలు లేవు. ప్రతి గదికీ బాల్కనీ ఉంది. ప్రతి రేవులో ఒక టూర్ టికెట్‌లోనే వస్తుంది. మధ్యాహ్నం, రాత్రి భోజనాల్లో బీరు, వైన్, మామూలు ఇంటర్నెట్ కూడా అంతే. మంచు గది ఉన్న నార్డిక్ స్పాకి విడిగా టికెట్ లేదు. వెళ్లబోయే ఊరి చరిత్ర గురించి ప్రసంగాలు ఏర్పాటు చేస్తారు, వినే జనమూ ఉంటారు.

మరి ఇబ్బంది ఎక్కడంటే, ఈ సముద్ర ఓడల్లో సింగిల్ క్యాబిన్లు లేవు. మామూలుగా రెండు టికెట్లూ కట్టాల్సిందే. అప్పుడప్పుడు కొన్ని తేదీలకు సప్లిమెంట్ తగ్గిస్తారు. ఆ తేదీలు దొరికినప్పుడు తప్ప వైకింగ్‌ని సోలోలకు నేను సిఫారసు చేయను. డబ్బు ఒక్కటే కారణం కాదు. ప్రయాణికుల్లో రిటైరైన జంటలు ఎక్కువ. బల్లలు ఎవరికీ కేటాయించరు కాబట్టి ఎక్కడైనా కూర్చోవచ్చు. అంటే ఎవరి పక్కనా కూర్చోకుండా కూడా వారం గడిచిపోవచ్చు. వారం రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా ఉండాలనుకునేవారికి అది వరం. కాస్త మాటలు కావాలనుకునేవారు తామే చొరవ తీసుకుని పలకరించాలి.

అదే కంపెనీ నది ఓడలు వేరే కథ. అవీ పద్దెనిమిది దాటినవాళ్లకే. డాన్యూబ్, రైన్ నదుల మీద తిరిగే పొడవాటి ఓడల్లో దాదాపు 190 మందే. ఒకటే భోజనశాల, ఒకటే లాంజ్. మూడో రోజుకి అందరి ముఖాలూ గుర్తుంటాయి. ఓడ ఊరి నడిబొడ్డునే ఆగుతుంది కాబట్టి ఒక్కరే దిగి నడిచి తిరిగి రావడం సులువు, అలల బాధ లేదు. సముద్రమే కావాలన్న పట్టు లేకపోతే సోలోలు నది ప్రయాణాన్ని ముందుగా చూడటం మంచిది.

బ్రిటన్ ఓడలు: సోలోల మీద నిజమైన శ్రద్ధ ఇక్కడే

సోలో ప్రయాణికుల గురించి అందరికంటే ఎక్కువ ఆలోచించింది బ్రిటన్ కంపెనీలే. భాగస్వామి పోయినా ప్రయాణాలు మానని పెద్దవయసువాళ్లు అక్కడ ఎక్కువ, వాళ్లే ఏటా తిరిగి వచ్చే ఖాతాదారులు.

వీటిలో సాగా క్రూయిజెస్ అన్నిటికన్నా ముందుంది. స్పిరిట్ ఆఫ్ డిస్కవరీ 2019లో, స్పిరిట్ ఆఫ్ అడ్వెంచర్ 2021లో వచ్చాయి. ఒక్కోదాంట్లో వెయ్యికి ఒకరు తక్కువ, 999 మంది. వందకు పైగా గదులు ఒక్కరి కోసమే కట్టినవి, వాటికీ బాల్కనీ ఉంది. సింగిల్ క్యాబిన్ అంటే లిఫ్టు పక్కన చీకటి గది అని చాలా ఓడల్లో ఉండే అలవాటును వీళ్లు తిప్పికొట్టారు. మద్యం, టిప్పులతో సహా అంతా టికెట్‌లోనే. ఇంటి నుంచి రేవు దాకా కారు కూడా పంపుతారు, ఆ ఇల్లు బ్రిటన్‌లో ఉంటే. అసలు షరతు వయసు. యాభై దాటి ఉండాలి, తోడు వచ్చేవారికి నలభై దాటాలి. హైదరాబాద్ నుంచి వెళ్లేవారికి ఇది అంత కుదిరే బేరం కాదు. కానీ బ్రిటన్‌లో దశాబ్దాలు డాక్టర్లుగా పనిచేసి అక్కడే స్థిరపడిన తెలుగువాళ్లలో ఇప్పుడు రిటైరైనవాళ్లు బోలెడుమంది. వాళ్లలో ఎవరైనా ఒక్కరే వెళ్తానంటే నేను వేరే పేరు చెప్పను. మద్యం ముట్టనివాళ్లు మాత్రం ఒకటి గమనించాలి. అన్నీ కలిసిన రేటులో పక్కవాళ్ల వైన్ ఖర్చు కూడా మనం పంచుకుంటున్నట్టే.

పీ అండ్ ఓ కంపెనీకి ఉన్న ఓడల్లో ఆర్కేడియా, అరోరా రెండే పెద్దలకు మాత్రం. సౌతాంప్టన్ నుంచి బయల్దేరతాయి. పాత ఓడలు. అరోరా 2000లో, ఆర్కేడియా 2005లో వచ్చాయి. రేట్లు అందుబాటులో ఉంటాయి, మద్యం విడిగా కొనుక్కోవాలి, అది తాగనివారికి లాభమే. సింగిల్ క్యాబిన్లు లెక్కపెట్టగలిగినన్నే. ఈ కంపెనీ సిబ్బందిలో మనదేశం వాళ్లు చాలామంది. మెనూలో కూర, పప్పు, అన్నం దొరకడం ఇక్కడ వింతేం కాదు. వారం దాటిన ప్రయాణానికి మన నోటికి ఇది చిన్న విషయం కాదు. బుక్ చేసేటప్పుడు రోజూ ఒకే బల్ల, ఒకే జట్టు ఉండే పద్ధతి ఎంచుకోండి. ఎప్పుడైనా వచ్చి తినే పద్ధతి స్వేచ్ఛగా వినిపిస్తుంది కానీ సోలోలకు ప్రతి రాత్రీ కొత్తగా పరిచయం చేసుకునే పని పెడుతుంది.

ఫ్రెడ్ ఓల్సెన్ ఓడలు పెద్దలకు మాత్రమే అని రాసుకోవు. అయినా చూస్తే అలాగే ఉంటాయి. బోలెట్, బోరియాలిస్, బాల్మోరల్, మూడూ ఇప్పటి లెక్కల్లో చిన్న ఓడలే, వెయ్యిన్నర లోపు జనం. సింగిల్ క్యాబిన్లు చెప్పుకోదగినన్ని ఉన్నాయి. లివర్‌పూల్, న్యూకాజిల్ లాంటి రేవుల నుంచి కూడా బయల్దేరతాయి కాబట్టి ఉత్తర ఇంగ్లండ్‌లో ఉండేవారికి సౌతాంప్టన్ దాకా సామాను ఈడ్చుకెళ్లే పని తప్పుతుంది. ఆర్భాటం లేదు, గోడల రంగులు పాతబడ్డట్టుంటాయి. నార్వే ఫియర్డ్‌లలోని సన్నని పాయల్లోకి చిన్న ఓడలు లోపలిదాకా వెళ్లగలవు. నాకైతే కొత్త ఓడలోని పాలరాతి మెట్ల కన్నా అది ఎక్కువ.

మారెల్లా ఎక్స్‌ప్లోరర్ 2 కూడా పెద్దల ఓడే. బ్రిటన్ నుంచి విమానంతో కలిపి ప్యాకేజీగా కొనేవారికి పనికొస్తుంది. మనకు దాని గురించి ఇంతకన్నా అవసరం లేదు.

బోర్డు లేకపోయినా చూడాల్సినవి

కునార్డ్ వారి క్వీన్ మేరీ 2 సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి ఏడు రాత్రుల్లో అట్లాంటిక్ దాటుతుంది. మధ్యలో రేవులేమీ లేవు. పిల్లలను ఎక్కించుకుంటారు, వాళ్లకో గది కూడా ఉంది. కానీ ఏడు రోజులు నీళ్లు తప్ప ఏమీ కనిపించని ప్రయాణానికి పిల్లలతో వచ్చేవాళ్లు తక్కువే. 2016లో ఓడను బాగుచేసినప్పుడు 15 సింగిల్ క్యాబిన్లు చేర్చారు. అవి కింది డెక్‌లలో ఉన్నాయి. అలల ఊపు తక్కువగా తెలిసేది కింది డెక్‌లలోనే కాబట్టి ఉత్తర అట్లాంటిక్‌లో అదొక మేలు.

సాయంత్రాలకు ఇక్కడ పద్ధతి ఉంది. అడిగితే ఆరుగురో ఎనిమిదిమందో కూర్చునే బల్ల ఇస్తారు, వారమంతా వాళ్లతోనే భోజనం. బాల్‌రూమ్‌లో జత లేకుండా వచ్చిన ఆడవాళ్లతో డాన్స్ చేయడానికి కంపెనీయే డాన్స్ హోస్టులను పెడుతుంది. గాలా రాత్రుల్లో దుస్తుల నియమం గట్టిదే అయినా ఎవరి దేశపు సంప్రదాయ దుస్తులు వాళ్లు వేసుకోవచ్చు. ఒక పట్టుచీర చాలు, కొత్త గౌన్ల కోసం డబ్బు తగలేయక్కర్లేదు. వీలైతే అమెరికా వైపు వెళ్లే ప్రయాణం తీసుకోండి. గడియారాన్ని అయిదు రాత్రులు గంట చొప్పున వెనక్కి జరుపుతారు కాబట్టి అన్ని రోజులూ ఇరవై అయిదు గంటల రోజులవుతాయి. ఎదురు దిక్కున వచ్చేవాళ్లు ఆ గంటలు పోగొట్టుకుంటారు.

నార్వేజియన్ క్రూయిజ్ లైన్ కంపెనీ వారి ఎపిక్ పూర్తిగా కుటుంబాల ఓడ, నీటి జారుడుబల్లలతో సహా. అయినా సోలోల చర్చలో దాన్ని వదలలేం. 2010లో ఒక్కరి కోసమే కట్టిన 128 స్టూడియో గదులు, వాటిలో ఉండేవారికే ప్రత్యేకంగా ఒక లాంజ్ పెట్టి ఈ పద్ధతిని పెద్ద ఓడల్లోకి తెచ్చింది అదే. గది దాదాపు 100 చదరపు అడుగులు, అంటే హాస్టల్ గదంత. కిటికీ కారిడార్‌లోకి తెరుచుకుంటుంది. నిద్రకు తప్ప ఆ గదిలో ఉండలేం. లాంజ్‌లో మాత్రం సాయంత్రానికల్లా పది మంది స్నేహితులవుతారు. బయట పిల్లల గోల భరించలేకపోతే పెద్దలకే ఉద్దేశించిన వైబ్ బీచ్ క్లబ్ అనే డెక్‌కి డబ్బు కట్టి పాస్ తీసుకోవచ్చు.

మన దగ్గర్లో ఏముంది

మనదేశంలో తిరిగే పెద్ద ఓడ కార్డెలియా వారి ఎంప్రెస్. ఎక్కువగా ముంబయి నుంచి గోవా, లక్షద్వీప్ వైపు వెళ్తుంది. నైరుతి రుతుపవనాలకు అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు చెన్నైకి మారి, 2022లోనూ 2025లోనూ విశాఖకు కూడా వచ్చింది. విశాఖలో 2023 నుంచి సొంత క్రూయిజ్ టెర్మినల్ ఉంది. వీసా తలనొప్పి లేదు, కడుపునిండా మన తిండి దొరుకుతుంది. కానీ అది పెళ్లివారి సందడి ఉన్న ఓడ. కుటుంబాలు, ఆఫీసు గ్రూపులు, బాలీవుడ్ షోలు. ఓడ పడుతుందా లేదా, కడుపులో తిప్పుతుందా అని రెండు మూడు రాత్రులు పరీక్షించుకోవడానికి బాగుంటుంది. ప్రశాంతత కోసం దాన్ని ఎంచుకుంటే తప్పు ఓడది కాదు.

సింగపూర్ నుంచి బయల్దేరే చిన్న క్రూయిజ్‌లూ ఇంచుమించు అంతే. దసరా, సంక్రాంతి సెలవుల్లో వెళ్తే సగం ఓడ మనవాళ్లే అనిపిస్తుంది. రాయల్ కరీబియన్ ఓడల్లో సోలేరియం అనే చోటు ఉంటుంది. పదహారేళ్లు దాటినవాళ్లకే ప్రవేశం, విడిగా డబ్బు అడగరు. పగలంతా అక్కడే గడిపే పద్ధతి కొంతవరకు పనిచేస్తుంది. భోజనశాలలో మాత్రం తప్పించుకోలేం.

ఇక గంగానది మీద తిరిగే ఓడలు. 2023 జనవరిలో వారణాసి నుంచి డిబ్రూగఢ్‌కి 51 రోజుల యాత్రకు బయల్దేరిన గంగా విలాస్‌లో పడేది 36 మందే. ధర చూస్తే గుండె ఝల్లుమంటుంది, పైగా ఒక్కరికి సప్లిమెంట్. అంత పొడుగు యాత్ర అక్కర్లేదు, అదే నది మీద వారం లోపు ప్రయాణాలు కూడా ఉంటాయి. ఇంత తక్కువ మంది ఉన్నచోట పరిచయాలకు ప్రయత్నమే అక్కర్లేదు. ఒక్కటే ఇబ్బంది. సహప్రయాణికులు మనకు నచ్చకపోతే దాక్కునే చోటూ ఉండదు.

వీసాలు: ఓడ ఎంపికను తారుమారు చేసేవి

బ్రిటన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ల రివ్యూలు చదివి ఓడ ఎంచుకుంటే మనకు ఇక్కడ దెబ్బ తగులుతుంది. సౌతాంప్టన్ నుంచి నార్వే వెళ్లి రావాలంటే భారతీయ పాస్‌పోర్టుకు బ్రిటన్ వీసా, యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసా రెండూ కావాలి. గ్రీస్‌లో మొదలై టర్కీ రేవుకు వెళ్లి మళ్లీ గ్రీస్ వచ్చే ప్రయాణానికి షెంజెన్ వీసా ఒకసారి ప్రవేశానికి ఇచ్చింది పనికిరాదు, మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి. టర్కీ వీసా కూడా కావాలా అన్నది విడిగా కనుక్కోండి. షెంజెన్‌కి కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు ఇన్సూరెన్స్ చూపాలి. ఆ పాలసీలో క్రూయిజ్‌కి, సముద్రం మధ్య నుంచి హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తరలించడానికి కవర్ ఉందో లేదో విడిగా అడగండి. మన తరఫున పరుగెత్తే మనిషి పక్కన లేనప్పుడు ఆ లైన్ ముఖ్యం.

అమెరికాలో ఉద్యోగాలు చేసే మనవాళ్లకు రెండు ఉచ్చులున్నాయి. సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లే ఓడ పూర్తిగా అమెరికా ప్రయాణంలా కనిపిస్తుంది. కానీ విదేశీ జెండా ఉన్న ఓడలు 1886 నాటి చట్టం ప్రకారం మధ్యలో వేరే దేశపు రేవులో ఆగాలి. అందుకే కెనడాలోని విక్టోరియాలో ఒక సాయంత్రం ఆగుతాయి. హెచ్1బీ మీద ఉన్నవారికి ఆ ఒక్క సాయంత్రానికీ కెనడా వీసా కావాలి. ఓడ దిగనని చెబితే చాలదు, అసలు ఎక్కనివ్వరు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి కెనడా వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు, కార్డు రెండూ చేతిలో ఉండాలి.

రెండోది ఇంకా ప్రమాదం. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయినా కెనడా, మెక్సికో వెళ్లి ముప్ఫై రోజుల్లోపు తిరిగి రావచ్చన్న సడలింపు హెచ్1బీ వాళ్లకు తెలిసిందే. ఆ సడలింపు కరీబియన్ దీవులకు హెచ్1బీ మీద వర్తించదు. స్టాంపు అయిపోయి ఉంటే మయామీ నుంచి వారం రోజుల క్రూయిజ్ మాట ఎత్తేముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.

ఈ చిక్కులన్నీ చూస్తే, ఇండియా నుంచి మొదటిసారి ఒక్కరే వెళ్లేవారికి ఒకే వీసాతో తేలిపోయే ప్రయాణం మేలు. డాన్యూబ్ మీద పస్సావు నుంచి బుడాపెస్ట్ దాకా వెళ్లే నది ఓడ అలాంటిది. జర్మనీ, ఆస్ట్రియా, స్లొవేకియా, హంగరీ, నాలుగు దేశాలకూ ఒక్క షెంజెనే.

డబ్బు కట్టేముందు

వీసా రాకపోతే క్రూయిజ్ కంపెనీ జాలిపడదు. ప్రయాణం దగ్గరపడేకొద్దీ రద్దు ఖర్చు పెరుగుతూ పోతుంది, చివరి వారాల్లో మొత్తం పోతుంది. కొంచెం ఎక్కువైనా, అడ్వాన్స్ వెనక్కి ఇచ్చే టికెట్ తీసుకోండి. పూర్తి సొమ్ము కట్టాల్సిన తేదీకి ముందే వీసా చేతికొచ్చేలా లెక్క వేసుకోండి. ఇక్కడి ఏజెంట్ దగ్గర విదేశీ ప్యాకేజీ కొంటే టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే వసూలు చేసే పన్ను, పట్టుకుంటారు. రిటర్న్ వేసేటప్పుడు అది మన పన్నులో సర్దుబాటవుతుంది, రసీదు దాచుకోండి.

రైస్ కుక్కర్ పెట్టెలో పెట్టొద్దు. వేడిచేసే కరెంటు వస్తువులు ఎక్కేటప్పుడే తీసి పక్కన పెడతారు. బ్రిటన్ ఓడల్లో చాలావాటికి గదిలోనే కెటిల్ ఉంటుంది, అమెరికా వాటిలో సాధారణంగా ఉండదు. ఇంట్లో పెట్టిన ఆవకాయకు అనుమతి దొరకడం కష్టం. కంపెనీ సీలు ఉన్న పొడుల ప్యాకెట్లకు మామూలుగా అభ్యంతరం చెప్పరు. రేవులో దిగేటప్పుడు వాటిని మాత్రం వెంట తీసుకెళ్లకండి. ఆహారం లోపలికి తేవడంపై చాలా దేశాల్లో నిబంధనలున్నాయి.

ఒక్కరే ఊరు చూడ్డానికి దిగేటప్పుడు ఓడ గడియారం, ఊరి గడియారం ఒకటేనా అని గేటు దగ్గర అడగండి. కొన్నిచోట్ల గంట తేడా ఉంటుంది. ఓడ ఏర్పాటు చేసిన టూర్ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగదు, మీరు రాలేదని గుర్తుచేసే తోడు కూడా లేదు. రేవు పేరు, ఏజెంట్ ఫోన్ నంబర్ ఉన్న ఆ రోజు కాగితాన్ని ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. పాస్‌పోర్టు జెరాక్స్, వాడే మందుల పేర్లు పర్సులో ఉంచండి.

భోజనం బల్ల సంగతి ఎక్కాక చూద్దామని వదిలేయొద్దు. బుక్ చేసిన రోజే "పెద్ద బల్ల, ఇతర సోలో ప్రయాణికులతో, మొదటి బంతి" అని ఈమెయిల్‌లో రాయించండి. శాకాహారమైతే అదీ రాయించండి, గుడ్డు తింటారో లేదో కూడా. కుదరకపోతే ఎక్కిన మధ్యాహ్నమే, పెట్టెలు గదికి చేరకముందే, భోజనశాల మేనేజర్‌ని వెళ్లి కలవండి. మొదటి రాత్రి తర్వాత బల్లలు మార్చడం వాళ్లకు కష్టం, మొదటి మధ్యాహ్నం మాత్రం ఎక్కడో ఒకచోట కుర్చీ దొరుకుతుంది.